టేపు అబద్ధం చెప్పదు

1938 జూన్ 13

మగ్దలీనా పోయాక ఇదే మొదటిసారి రాయడం. రాయకుంటే ఎవరితో మాట్లాడాలి, గోడతోనా?

ఇవాళ బడి తెరిచాం. హెడ్మాస్టరు కృపావరం గారు నన్ను పక్కకు పిలిచారు. "ఏంటండీ శాంతిరాజు గారూ, ఇంకొన్నాళ్ళు సెలవు పెట్టాల్సింది. నెల రోజులు డ్రిల్లు లేకపోతే పిల్లలేమీ పాడైపోరు," అన్నారు. గుంటూరు మనిషి, మంచివాడే. కానీ డ్రిల్లు మాస్టరుతో అనే మాటేనా అది? డ్రిల్లు లేకే గదండీ ఈ అమీర్‌పేటలో పిల్లలంతా చీపురు పుల్లల్లా ఉన్నది అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జీవమణి మూడో తరగతికి వచ్చింది. తల నేనే దువ్వాను. పాపిడి వంకరపోయింది. వాళ్ళమ్మ మగ్దలీనా ఉంటే తండ్రీకూతుళ్ళిద్దరినీ తిట్టేది.

జూన్ 19

ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మకు దండం పెట్టి వచ్చాను. మగ్దలీనాను ఆరు నెలలు చూసిన మనిషి, ఆ మాత్రం చేయాలి. ఆమె నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. "క్షయ అంటుకునే జబ్బు, పిల్ల తల్లి పక్కలో పడుకున్నది. మూడు నెలలకోసారి తీసుకొచ్చి చూపించు. బరువు గానీ ఛాతీ గానీ తగ్గిందనుకో, ఆ రోజే తీసుకురా. ముందుగా పట్టుకుంటే దక్కుతుంది. ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండదు, మీ ఆవిణ్ణి చూశావుగా."

అమ్మా, పిల్లల్ని కొలవడమే నా ఉద్యోగం, ఒక్క పిసరు తగ్గినా నాకంటే ముందు ఎవరికి తెలుస్తుంది అన్నాను. జీవమణి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. విననీ, చిన్నపిల్లకేం అర్థమవుతుంది.

వరండాలో ఆ కాంటా ఇంకా అక్కడే ఉంది. శనివారం శనివారం మగ్దలీనాను దాని మీద ఎక్కించేవాళ్ళు. తగ్గిందని చెప్పిన ప్రతిసారీ నేను స్తంభం చాటుకు పోయి ఏడ్చేవాణ్ణి. జీవమణి నా చొక్కా అంచు పట్టుకుని నిలబడేది. ఇవాళ దాని వంక చూడకుండా వచ్చేశాను.

జూలై 1

నా పథకం మొదలైంది! ప్రతి నెలా మొదటి తారీఖున బడి మొత్తానికీ ఎత్తు, ఛాతీ కొలుస్తాను. ఏ తరగతి ఎక్కువ పెరిగితే ఆ తరగతి గుమ్మానికి నెలంతా పచ్చ జెండా. పిల్లలు ఎగిరి గంతేశారు. ప్రార్థన అయ్యాక గట్టిగా చెప్పాను: పెరిగే ఒంట్లో రోగానికి చోటుండదు, తగ్గే ఒంట్లోకి అది దొంగలా దూరుతుంది, ఎవరేం చెప్పినా నమ్మకండి, టేపు అబద్ధం చెప్పదు. "టేపు అబద్ధం చెప్పదు!" అని అందరి చేతా మూడుసార్లు అనిపించాను.

మగపిల్లలు చొక్కాలు విప్పి నిలబడతారు. ఎత్తు కొలిచేటప్పుడు వెధవలు వేళ్ళ మీద లేస్తారు, "మడమలు!" అని బెత్తంతో తట్టాలి. ఆడపిల్లల దగ్గర ఆ గొడవ లేదు, బుద్ధిగా లంగాలు సవరించుకుని గోడకు ఆనుకుంటారు. వాళ్ళకు ఛాతీ కొలత జాకెట్టు మీదనే. టేపు కూడా వాళ్ళే చుట్టుకుని కొస పట్టుకోవాలి, నేను దూరం నుంచి అంకె చదువుతాను. మాస్టరు ఆడపిల్లను తాకడమనేది మన మిషను బళ్ళల్లో లేదు. కన్నబిడ్డయినా బళ్ళో అదే రూలు. ఇక ఇంటికి టేపు తీసుకుపోను. ఇంట్లో కొలతలు చాలు, ఆరు నెలలు చూశాను.

జీవమణి: మూడడుగుల పదకొండు. ఛాతీ ఇరవై రెండు. బాగుంది.

ఆగస్టు 1

జీవమణి ఛాతీ అర అంగుళం తక్కువ వచ్చింది.

వానాకాలం గుడ్డ టేపు సాగుతుంది. సాగితే తక్కువే చూపిస్తుంది, ఇది అందరికీ తెలిసిందే. మిగతా పిల్లలకు తగ్గలేదు. వాళ్ళు పెరిగి ఉంటారు కాబట్టి తెలియలేదు.

"తగ్గిన్నా నాయినా?" అని అడిగింది. లేదు బిడ్డా అన్నాను. నా మొహం చూస్తూ ఉండిపోయింది. నేను నీళ్ళ కుండ దగ్గరికి పోయి మొహం కడుక్కొచ్చాను.

అర అంగుళానికి అంత దూరం ఆసుపత్రికి పరుగెత్తాలా? వచ్చే నెల చూద్దాం. రేపటి నుంచి రోజుకో గుడ్డు. పొద్దున్నే పంజగుట్ట రాతిగుండ్ల దాకా పరుగు, నేనూ దాంతో పరుగెత్తుతాను.

ఆగస్టు 9

పరుగు సాగుతోంది. వెనకబడుతోంది గానీ మొదట్లో ఎవరికైనా అంతే.

ఆగస్టు 28

పెట్టె తీస్తే మగ్దలీనా నీలం చీర కొంగు పోయి ఉంది. మందిరానికి కట్టుకునే చీర. ఎలుకలు. కలరా ఉండలు తేవాలి.

సెప్టెంబరు 1

దేవునికి స్తోత్రం! దేవునికి స్తోత్రం! ఇరవై రెండున్నర! ఒక్క నెలలో అంగుళం! గుడ్డూ పరుగూ ఏం చేస్తాయో లోకం చూసుకోవాలి. అందరి ముందూ దాన్ని ఎత్తుకుందామనిపించింది, రూలు గుర్తొచ్చి ఆగాను. అంకె చదివాక నా మొహమే చూసింది మళ్ళీ. ఈసారి నవ్వాను. అదీ నవ్వింది. వాళ్ళమ్మ పోయాక అంత నవ్వు చూడలేదు.

సెప్టెంబరు 22

పక్కింటి చంద్రమ్మ బళ్ళో నీళ్ళు పోస్తుంది. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. జీవమణికి తలంటుదామని వచ్చి, ఉత్త చేతులతో నా దగ్గరికి వచ్చింది.

"సారూ, పోరి నన్ను తానం పొయ్యనిస్తలేదు. తలుపేసుకుంటున్నది."

"పెద్దదవుతోంది గదా అక్కా. సిగ్గు."

"తొమ్మిదేండ్లకా? ఏమో సారూ, తల్లి లేని పిల్లకు అన్నీ జల్ది వస్తయి. గని మొఖం జూడు, గుంజుకపోయింది. జర దవాఖానకు తీస్కపో."

ఛాతీ అంగుళం పెరిగిందక్కా, పెరిగే పిల్లలకు మొహం అట్లాగే ఉంటుంది అన్నాను. "నీ టేపు సంగతి నాకేం తెలుసు సారూ, నాకు కండ్లున్నయి," అని విసురుగా వెళ్ళిపోయింది. చదువు లేని వాళ్ళతో ఇదే చిక్కు. కంటితో చూసి చెప్పేస్తారు.

అక్టోబరు 1

ఇరవై మూడు. ఎత్తులో కూడా అంగుళం! లంగా పొట్టిదై గోడ దగ్గర నిలబడితే కాలివేళ్ళు కనబడుతున్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మూడు నెలలైంది, ఆసుపత్రికి తీసుకుపోవాలి. కానీ కొలతలు ఇంత బాగుంటే ఎందుకు? ఆ వరండాలోకి దాన్ని మళ్ళీ తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు.

అక్టోబరు 5

చంద్రమ్మతో లంగా మడత విప్పించాను. రెండంగుళాలు దించితే నేలంతా ఊడుస్తోంది. చంద్రమ్మకు కొలత రాదు. మళ్ళీ మడిచి కుట్టమన్నాను.

అక్టోబరు 17

గుండ్ల మధ్య సీతాఫలాలు పండాయి. పరుగు ఆపి రెండు కోసిచ్చాను. ఒకటి తిన్నది, ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాయినా, జర సేపు కూసుందామా," అంది. ఎండ ఎక్కేదాకా కూర్చున్నాం. ఖైరతాబాదు వైపు నుంచి రైలు కూత వినిపించింది. వాళ్ళమ్మ పాడే కీర్తన ఒకటి అందుకుంది, సగంలో ఆపేసింది. మిగతాది మరిచిపోయానంది. అది మరిచిపోయే పిల్ల కాదు.

నవంబరు 1

ఇరవై మూడున్నర! జెండా మూడో తరగతికే! జీవమణి చేతికే ఇచ్చి మోయించాను. కర్ర బరువుకు వంగిపోయింది గానీ వదల్లేదు.

నవంబరు 12

దగ్గు. బండ్ల దుమ్ము.

నవంబరు 13

దగ్గు. ఈ రోడ్డు మీద బండ్లు మరీ ఎక్కువయ్యాయి.

నవంబరు 20

దుమ్మే.

డిసెంబరు 1

ఇరవై నాలుగు. నాలుగడుగుల ఒకటి. నా చేత్తో గోడ మీద గీత గీశాను. దుమ్ము దగ్గు ఉన్న పిల్ల ఇట్లా పెరుగుతుందా? టేపు అబద్ధం చెప్పదు.

డిసెంబరు 10

రాయలేను.

డిసెంబరు 11

రాయాలి.

నిన్న ఆటల పోటీలు. ఇన్స్పెక్టరు గారు వచ్చారు, కుర్చీలు వేశాం. ఆడపిల్లల పరుగులో జీవమణిని నేనే నిలబెట్టాను. నేనే ఈల ఊదాను. సగం దూరంలో కూర్చుంది. లే బిడ్డా లే అని అరిచాను. లేచింది, నాలుగడుగులు వేసి పడిపోయింది.

చంద్రమ్మ నీళ్ళ బిందె వదిలేసి ఉరికింది. ఊపిరాడట్లేదని జాకెట్టు గుండీలు తీసింది. లోపల గుడ్డ. నీలం గుడ్డ. చుట్టు మీద చుట్టు, గట్టిగా బిగించి కట్టి ఉంది. చంద్రమ్మ విప్పుతోంది, విప్పుతోంది, అది అయిపోదు. మగ్దలీనా చీర. ఎలుకలని రాశాను నేను.

"సారూ! దీనికి ఒళ్ళేది సారూ! ఉత్త తోలూ బొక్కలే ఉన్నయి! ఇగో, ఇట్ల రా, ఇప్పుడు కొల్వు!" అని చంద్రమ్మ గుండెలు బాదుకుంది. బడంతా చూస్తోంది. కృపావరం గారు ఇన్స్పెక్టరును అవతలికి తీసుకుపోయారు. నా మెడలో టేపు అట్లాగే వేలాడుతోంది.

టాంగాలో ఆసుపత్రికి పోతుంటే పేలికలో ఎర్రటి మరక కనిపించింది. కొత్తది కాదు.

డిసెంబరు 12

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మూడు నెలలకోసారి తెమ్మన్నాను గదా," అంది, అంతే. రెండు ఊపిరితిత్తులూ అట. అక్టోబరులో తెచ్చినా ఏమైనా చేసి చూద్దుమంది.

సాయంత్రం అడిగాను. ఎందుకు చేశావు బిడ్డా?

"నువ్వు ఏడుస్తవని."

గోడ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "అమ్మ తగ్గింది తగ్గింది అని ఊకె చెప్పిన్రు గద నాయినా, అందుకే సచ్చిపోయింది. ఎవ్వరు చెప్పకుంటే ఉండేదేమో. నువ్వు పెరిగినవ్ అని చెప్తే నాకు రాదనుకున్న."

ఆ మాట దానికి నేర్పింది ఎవరు? ప్రార్థన అయ్యాక, బడంతటి ముందు, మూడుసార్లు.

డిసెంబరు 13

చంద్రమ్మ ఆ పేలికలు వేడినీళ్ళలో ఉడకేసి ఆరేసింది. పారేయమన్నాను. "తల్లి చీర పారేస్తరా ఎవరన్నా," అని మడిచి దాచిపెట్టింది.

డిసెంబరు 25

క్రిస్మసు ఆదివారం నాడే వచ్చింది. మందిరానికి పోలేదు. వార్డులో నర్సు అమృతమ్మ కాగితం నక్షత్రం కట్టింది. జీవమణి రెండు చెంచాల పాయసం తిన్నది. చంద్రమ్మ ప్రసాదమో పాయసమో ఏదో తెచ్చింది, మీ దేవుడు ఏమనుకోడు గద సారూ అంది. ఏమనుకోడు అన్నాను. మంచం మీద కూర్చుని ఆడుకోమని అయిదు గచ్చకాయల రాళ్ళు కూడా ఇచ్చింది, వాగులో ఏరినవి, నున్నగా ఉన్నాయి. ఎగరేసి పట్టుకోవడానికి చెయ్యి లేవట్లేదు. అయినా దిండు కింద పెట్టుకుంది.

1939 జనవరి 2

బడి. కొలత రోజు. నిన్న ఆదివారం కాబట్టి ఇవాళ.

పిల్లలు వరసలో నిలబడ్డారు. టేపు బల్ల మీద ఉంది. నేను తీయలేదు. కృపావరం గారు కిటికీలోంచి చూశారు.

రెండో తరగతి వజ్రమ్మ, సేద్యగాళ్ళ పిల్ల, నోట్లో మాట దాగదు. "సార్, కొల్వరా? మేం గాలి పీల్చి పట్టుకున్నం సార్, కడ్పు నొస్తున్నది!" అంది.

"ఎందుకు పట్టుకున్నారు?"

"జెండా కోసం సార్! అందరం పట్టుకుంటం. పెద్దోళ్ళు సుత పట్టుకుంటరు."

వరసంతా తలలు దించుకుంది. ఆరు నెలలుగా నేను కొలిచింది గాలి. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపైంది, పిల్లలు బెదిరిపోయారు. వదలండర్రా, గాలి వదలండి అన్నాను. ఎవరెవరు పొద్దున అన్నం తిన్నారు అని అడిగాను. సగం చేతులే లేచాయి. డ్రిల్లు మాస్టరుగా ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్నడూ అడగలేదు.

పోయి ఆడుకోండి అన్నాను. "ఏ ఆట సార్?" అన్నారు. మీ ఇష్టం అంటే నమ్మక, చాలాసేపు అట్లాగే నిలబడ్డారు. చివరికి వజ్రమ్మే పరుగు తీసింది, దాని వెనక అందరూ. నేను చెట్టు కింద కూర్చుని చూశాను. జెండా తీసి మడిచి పెట్టాను.

జనవరి 6

డాక్టరమ్మ గదిలోకి పిలిచి చెప్పింది. ఇక మందు పేరు చెప్పి మభ్యపెట్టనంది. నెల కంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దంది. చొక్కా అంచు పట్టుకునే చెయ్యి కోసం వెనక్కి చూశాను.

జనవరి 7

శనివారం. కాంటా.

నేను వద్దన్నాను. జీవమణే ఎక్కుతానంది. అమృతమ్మ పట్టుకుని ఎక్కించింది. ముల్లు చూసి, "అరే, శాంతిరాజన్నా! ఒక పౌను పెరిగింది!" అని చేతులు చరిచింది. పక్క మంచాల వాళ్ళు కూడా సంతోషపడ్డారు.

జీవమణి నా మొహం చూస్తోంది.

నేనే ఎత్తుకుని మంచం దాకా తెచ్చాను. ఎత్తుకుంటే ఏమీ లేదు, పక్షి. నడుము దగ్గర మాత్రం నా చేతికి గట్టిగా తగిలాయి. లంగా బొందులో ముడేసి ఉన్నాయి. అయిదు రాళ్ళూ.

దానికి తెలుసు నాకు తెలిసిందని. ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది.

"పెరిగినవ్ బిడ్డా," అన్నాను. "మస్తు పెరిగినవ్."

నవ్వింది. నేను స్తంభం చాటుకు పోలేదు. అక్కడే కూర్చుని నేనూ నవ్వాను. ఇంత కష్టమైన కసరత్తు నా జన్మలో చేయలేదు.

జనవరి 14

ఒక పౌను పెరిగింది. అమృతమ్మకు కూడా తెలిసినట్టుంది, ఈసారి చేతులు చరచలేదు. కానీ గట్టిగానే చదివింది.

జనవరి 21

పెరిగింది.

జనవరి 28

లేవలేదు. తూచలేదు. "ఎంతున్న నాయినా?" అంది. చెప్పాను. పెంచి చెప్పాను.

ఫిబ్రవరి 3

జీవమణి లేదు.

పొద్దున నా చెయ్యి తీసి ఛాతీ మీద పెట్టుకుంది. అదే చివర.

ఫిబ్రవరి 4

మట్టి చేసి వచ్చాం. నిన్నటిది రాసి పడుకుంటాను.

పెట్టె చేయడానికి వడ్రంగి పని చేసే ఏసోబు వచ్చాడు. మా మందిరం వాడే, మగ్దలీనాకూ వాడే చేశాడు. గుమ్మంలో నిలబడి, "సారూ, కొల్త నువ్వు చెప్తవా, నేనే తీస్కోవాల్నా?" అన్నాడు. నాలుగడుగుల ఒకటి అన్నాను. డిసెంబరులో నేనే గీసిన గీత, తడుముకోవాల్సిన పని లేదు.

వాడు లోపలికి పోయి వచ్చాడు.

"సారూ, తప్పు వడ్డట్టుంది. మూడడుగుల పదకొండే ఉన్నది."

"సరిగ్గా చూడు ఏసోబూ."

"రెండుసార్లు చూసిన సారూ."

మూడడుగుల పదకొండు. జూలైలో ఉన్నంతే. ఒక్క పిసరు పెరగలేదు. మడత విప్పితే నేల ఊడ్చిన లంగా. గోడ దగ్గర మాత్రం పొట్టిదయ్యే లంగా. చంద్రమ్మకు కొలత రాదని రాసుకున్నాను. మగపిల్లల మడమల మీద బెత్తంతో తట్టే నేను. ఆ రొమ్ముతో, ఆ ఊపిరితో, నేను గీత గీసేదాకా ఎట్లా నిలబడ్డావు తల్లీ వేళ్ళ మీద?

"ఎంతకు చెయ్యమంటవ్ సారూ?" అన్నాడు ఏసోబు.

"నాలుగడుగుల ఒకటి."

"కాళ్ళ కాడ ఖాళీ ఉంటది సారూ."

"ఉండనీ. నా బిడ్డ అంత ఎత్తు నిలబడ్డది."

వాడు అంతకే చేశాడు. కాళ్ళ దగ్గర మిగిలిన చోట్లో చంద్రమ్మ ఆ నీలం పేలికలు మడిచి పెట్టింది.